బ్యుటైరిల్‌కోలినెస్టరేజ్: మందు తగిలేదాకా బయటపడని జన్యువు

సభకు నమస్కారం.

మత్తు డాక్టర్ల పెట్టెలో ఒక మందు ఉంటుంది. దాని అసలు పేరు సక్సినైల్‌కోలిన్, ఆపరేషన్ థియేటర్లలో అందరూ పిలిచే పేరు స్కోలిన్. కడుపు నిండా తిన్న మనిషిని ప్రమాదం జరిగిన వెంటనే ఆపరేషన్ బల్ల మీదికి తెచ్చినప్పుడు, పురిటి గదిలోని తల్లికి క్షణాల మీద సిజేరియన్ చేయాల్సి వచ్చినప్పుడు, గొంతులోకి ఊపిరి గొట్టం దించడానికి డాక్టరుకు దొరికే వ్యవధి చాలా తక్కువ. ఆ వ్యవధిలో ఒంట్లోని కండరాలన్నీ సడలాలి, పని పూర్తికాగానే మళ్లీ తమ శక్తిని పుంజుకోవాలి. స్కోలిన్ ఎక్కించగానే కండరాలు ఒకసారి సన్నగా అదిరి, నిమిషం తిరిగేలోగా ఒళ్లంతా సడలిపోతుంది, అయిదు నుంచి పది నిమిషాల్లో ఊపిరి దానంతట అదే తిరిగి వస్తుంది. 1951 ప్రాంతంలో వైద్యంలోకి వచ్చిన ఈ మందును, అంతకంటె కొత్తవి ఎన్ని వచ్చినా, ఇప్పటికీ ఎవరూ పూర్తిగా పక్కన పెట్టలేదు.

అయితే కొద్దిమందిలో పది నిమిషాలు గడిచినా ఊపిరి రాదు. అరగంటకు రాదు, కొందరిలో గంటల తరబడి రాదు. ఆ మనిషికి అంతకుముందు ఏ జబ్బూ ఉండకపోవచ్చు, రక్తపరీక్షలన్నీ బాగానే ఉండి ఉండవచ్చు, జీవితంలో ఒక్కరోజు కూడా ఆసుపత్రి మెట్లు ఎక్కి ఉండకపోవచ్చు. అతనిలో తేడాగా ఉన్నది ఒక్క ప్రోటీను, దాన్ని తయారుచేసే ఒక్క జన్యువు. ఆ జన్యువు పేరు బి.సి.హెచ్.ఇ., ప్రోటీను పేరు బ్యుటైరిల్‌కోలినెస్టరేజ్. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఈ రెండింటి గురించే. తెలుగువాళ్లుగా మనం దీన్ని ప్రత్యేకంగా తెలుసుకోవలసిన కారణం ఒకటి ఉంది, అది దారిలో వస్తుంది.

మన నాడి కొస కండరానికి ‘కదులు’ అని చెప్పడానికి అసిటైల్‌కోలిన్ అనే చిన్న రసాయనాన్ని విడుదల చేస్తుంది. 1921లో ఆటో లోవీ కప్ప గుండెల మీద చేసిన ప్రయోగంతో నాడి సందేశం రసాయన రూపంలో సాగుతుందని తేలింది. ఆ రసాయనం మీద అంతకుముందు నుంచే పనిచేస్తున్న హెన్రీ డేల్‌తో కలిసి ఆయన 1936లో నోబెల్ బహుమతి అందుకున్నారు. సందేశం చెప్పడం ఎంత ముఖ్యమో, చెప్పిన మాటను వెంటనే తుడిచివేయడమూ అంతే ముఖ్యం. ఆ తుడిచే పని చేసేది నాడికీ కండరానికీ మధ్య కాపలా ఉండే అసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము, అంటే రసాయనాలను విడగొట్టే ప్రోటీను. దానికి రక్తంలో ఒక దగ్గరి బంధువు ఉన్నదని, ఎర్రకణాల మీద ఉండే ఎంజైమూ, రక్తపు ద్రవభాగమైన సీరంలో ఉండే ఎంజైమూ ఒకటి కావని 1940లో తేలింది. సీరంలోని ఈ బంధువు అసిటైల్‌కోలిన్ కంటె బ్యుటైరిల్‌కోలిన్‌ను చురుకుగా విడగొడుతుంది కనుక దానికి ఆ పేరు వచ్చింది. దురదృష్టవశాత్తూ దానికంటె ముందే ‘సూడోకోలినెస్టరేజ్’, అంటే నకిలీ కోలినెస్టరేజ్, అనే పేరు స్థిరపడింది. ఆసుపత్రి కాగితాల మీద ఈనాటికీ ఆ పేరు కనిపిస్తూనే ఉంటుంది. మన ఒంట్లో దాని పని ఏమిటో మనకు అంతుచిక్కకపోతే, ఆ నింద దాని మీద వేయడం నాకు ఎప్పుడూ న్యాయంగా తోచలేదు.

సక్సినైల్‌కోలిన్ అంటే రెండు అసిటైల్‌కోలిన్ అణువులను వీపులు కలిపి కట్టిన జంట వంటిది. అసిటైల్‌కోలిన్ తాళంలో ఇది కూడా దూరుతుంది, కానీ కండరం దగ్గర కాపలా ఉన్న అసిటైల్‌కోలినెస్టరేజ్ దీన్ని విడగొట్టలేదు. విడగొట్టగలిగినది ప్లాస్మాలో తిరిగే బ్యుటైరిల్‌కోలినెస్టరేజ్ మాత్రమే. అందువల్ల సిరలోకి ఎక్కించిన మందులో ఎక్కువ భాగం కండరాన్ని చేరకముందే రక్తంలోనే నశిస్తుంది, మిగిలిన కొద్ది భాగమే కండరాన్ని సడలిస్తుంది. డాక్టరు ఇచ్చే మోతాదులో ఈ నష్టం ముందే లెక్క కట్టి ఉంటుంది. ఎంజైము లేని మనిషిలో ఆ లెక్క తప్పుతుంది. మందు మామూలుకంటె ఎన్నో రెట్లు కండరాన్ని చేరుతుంది, చేరినది వెనక్కి రావడానికీ చాలాసేపు పడుతుంది.

ఇక జన్యువు సంగతి. బి.సి.హెచ్.ఇ. మూడో క్రోమోజోము పొడవు చేతి మీద ఉంటుంది. సుమారు 64 వేల డి.ఎన్.ఏ. అక్షరాల పొడవున పరుచుకున్న ఈ జన్యువులో ప్రోటీనుకు పనికివచ్చే రాత నాలుగు ముక్కల్లో ఉంటుంది, అందులోనూ నూటికి 83 వంతులు రెండో ముక్కలోనే ఇమిడి ఉంది. కాలేయ కణం ఈ రాతను చదివి 602 అమైనో ఆమ్లాల గొలుసును అల్లుతుంది. మొదటి 28 అమైనో ఆమ్లాలు గొలుసును కణం బయటికి దాటించడానికి వాడే చిరునామా చీటీ వంటివి. ఆ పని అయ్యాక వాటిని కణమే కత్తిరించేస్తుంది, మిగిలేవి 574. అందుకే ఒకే మార్పును ఒక పత్రంలో 307వ స్థానమనీ, మరొక పత్రంలో 335వ స్థానమనీ రాస్తారు. తేడా ఆ 28 మాత్రమే. కొత్తగా చదివేవాళ్లు ఇక్కడ తడబడటం నేను ఎన్నోసార్లు చూశాను కనుక ఈ మాట చెబుతున్నాను.

ఒక్కో గొలుసు మీద తొమ్మిది చోట్ల చక్కెర గొలుసులు అంటుకుంటాయి, ప్రోటీను బరువులో దాదాపు నాలుగో వంతు ఈ చక్కెరే. అలాంటి నాలుగు గొలుసులు జట్టు కట్టి రక్తంలోకి వెళతాయి. వాటిని కట్టి ఉంచే దారం వేరే ప్రోటీను నుంచి వచ్చిన, ప్రోలీన్‌తో నిండిన చిన్న తునక. ఈ చక్కెర పూత, ఈ నలుగురి జట్టు ఉండబట్టే ఎంజైము త్వరగా వడకట్టుకు పోకుండా సుమారు పన్నెండు రోజుల అర్ధాయువుతో రక్తంలో తిరగగలుగుతోంది. లీటరు ప్లాస్మాలో ఉండేది నాలుగైదు మిల్లీగ్రాములే. పని జరిగే చోటు అణువు పైన ఉండదు, లోతైన ఇరుకు లోయ అడుగున ఉంటుంది. అక్కడ 198వ స్థానపు సెరీన్, 325వ స్థానపు గ్లూటమేట్, 438వ స్థానపు హిస్టిడీన్ అనే మూడు అమైనో ఆమ్లాలు కలిసి పనిచేస్తాయి. అసిటైల్‌కోలినెస్టరేజ్‌లో ఇదే లోయను పెద్ద వలయాలున్న అమైనో ఆమ్లాలు ఇరుకు చేస్తాయి, దీనిలో వాటిలో కొన్నింటి చోట చిన్నవి ఉండటంతో లోయ విశాలమైంది. ఆ విశాలం వల్లనే దీని లోపలికి రకరకాల అణువులు వెళ్లగలవు: స్కోలిన్, కండరాలను సడలించే మరో మందు మైవాక్యూరియం, ప్రొకేయిన్, కొకేయిన్, ఆస్పిరిన్ కూడా.

1950లలో స్కోలిన్ వాడకం పెరిగేకొద్దీ ఊపిరి తిరిగి రాని రోగుల వార్తలూ పెరిగాయి. మొదట్లో కాలేయ జబ్బు వల్ల ఎంజైము తగ్గి ఉంటుందని అనుకున్నారు. అది కొందరి విషయంలో నిజమే. గర్భిణుల్లోనూ, కాలేయం దెబ్బతిన్నవాళ్లలోనూ ఈ ఎంజైము తగ్గుతుంది. కానీ ఆరోగ్యవంతుల్లో, వాళ్ల అన్నదమ్ముల్లో, అక్కచెల్లెళ్లలో ఇది కనిపించడం వేరే విషయం. హెర్మన్ లేమన్ 1956లో ఈ కుటుంబ లక్షణాన్ని చూపించారు. ఈయన పేరు మనకు కొత్త కాదు, 1952లో నీలగిరి గిరిజనుల్లో కొడవలి కణాలను కనుగొన్నవారిలో ఒకరు ఈయనే. ఆ మరుసటి సంవత్సరం, 1957లో, టొరంటోలో వెర్నర్ కాలో అసలు ప్రశ్నను తిప్పి అడిగారు: ఈ రోగుల్లో ఎంజైము తక్కువగా ఉందా, లేక ఉన్న ఎంజైమే వేరే రకమా?

ఆయన చేసిన పరీక్ష చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. డైబుకేయిన్ అనే మత్తుమందు ఈ ఎంజైమును అడ్డుకుంటుంది. సీరంలో నిర్ణీత మోతాదులో డైబుకేయిన్ కలిపి, ఎంజైము పని నూటికి ఎంత తగ్గిందో కొలిచారు. మామూలు మనుషుల్లో అది 80 దగ్గర వచ్చింది, స్కోలిన్‌కు తట్టుకోలేని మనుషుల్లో 20 దగ్గర ఆగింది, వాళ్ల తల్లిదండ్రుల్లో 60 దగ్గర నిలిచింది. ఇక్కడ కొలిచినది ఎంజైము ఎంత ఉందన్నది కాదు, అది ఎలాంటిదన్నది. అంకెలు మూడు గుంపులుగా విడిపోవడంతో తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి అనే వారసత్వ సూత్రం కళ్లకు కట్టింది. ఒక మందుకు శరీరం ఎలా స్పందిస్తుందో జన్యువు నిర్ణయిస్తుందనే శాస్త్రానికి, ఈ రోజు మనం ఫార్మకోజెనెటిక్స్ అంటున్న దానికి, పునాది వేసిన పరిశోధనల్లో ఇది ఒకటి. ఆ అంకె వెనుక ఉన్న మార్పు 1989లో దొరికింది. 70వ స్థానంలో ఆస్పార్టేట్ ఉండవలసిన చోట గ్లైసీన్ వచ్చింది. ఒక్క ఋణావేశం పోవడంతో, ధనావేశం ఉన్న స్కోలిన్‌ను ఎంజైము పట్టుకోలేకపోతోంది.

యూరప్ మూలాలున్న జనాభాలో ఈ మార్పు రెండు ప్రతులూ ఉన్నవాళ్లు సుమారు మూడు వేలమందికి ఒకరు. పాఠ్యపుస్తకాలన్నీ ఈ కథ దగ్గరే ఆగిపోతాయి, కనుక డైబుకేయిన్ సంఖ్య చూస్తే చాలునని మన విద్యార్థులూ నేర్చుకుంటారు. మన ప్రాంతానికి ఇది చాలదు. అసలు ఎంజైమే రక్తంలో లేకపోతే డైబుకేయిన్ అడ్డుకోవడానికి ఏముంటుంది? ఇలాంటి జన్యువును ‘మౌన’ జన్యువు అంటారు. ఒక ప్రతి మామూలుగా, ఒక ప్రతి మౌనంగా ఉన్న మనిషిలో డైబుకేయిన్ సంఖ్య మామూలు మనిషిలాగే 80 దగ్గర వస్తుంది, ఎందుకంటే రక్తంలో ఉన్న సగం ఎంజైమూ మంచిదే. రెండు ప్రతులూ మౌనమైతే ఆ సంఖ్యకు అర్థమే ఉండదు. ఇక్కడ కొలవవలసింది ఎంజైము చురుకుదనాన్ని, తర్వాత చదవవలసింది జన్యువును.

ఇందాక దారిలో వస్తుందన్న కారణం ఇదే. ఆంధ్రప్రదేశ్ వైశ్యుల్లో ఈ మౌన జన్యువు ఎక్కువగా ఉన్నదని 1979లోనే ఒక జన్యుశాస్త్ర పత్రిక ప్రచురించింది. తర్వాత కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయంలో ఆర్. బూపతి బృందం, ఈ ఎంజైము మీద జీవితమంతా పనిచేసిన అమెరికా శాస్త్రవేత్త ఒక్సానా లాక్‌రిడ్జ్‌తో కలిసి, ఆ ఊరి వైశ్య సముదాయంలో దీని మూలాన్ని 2006లో వెల్లడించింది. 307వ స్థానంలో ల్యూసీన్ ఉండవలసిన చోట ప్రోలీన్ ఉంది. డి.ఎన్.ఏ.లో మారినది ఒక్క అక్షరం. ప్రోలీన్ గొలుసును వంచేస్తుంది, వంగకూడని చోట వంగిన గొలుసు సరిగా మడతపడదు, మడతపడని ప్రోటీనును కణమే నాశనం చేస్తుంది. రక్తంలోకి చేరేది దాదాపు శూన్యం. వాళ్లు పరీక్షించిన సముదాయంలో రెండు ప్రతులూ మౌనమైనవాళ్లు ఇరవై నలుగురికి ఒకరు. యూరప్, అమెరికా జనాభాలో ఇది లక్షకు ఒకరు. ఆ నిష్పత్తిని మెండెల్ సూత్రాలతో విప్పి చూస్తే ఒక్క ప్రతి మోసేవాళ్లు దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరు అవుతారు. ఒక ఊళ్లో తీసిన లెక్కను అన్ని ఊళ్ల వైశ్యులకూ అంటగట్టడం మాత్రం సరికాదు. కానీ దీన్ని అరుదైన సంగతిగా కొట్టిపారేయడానికి వీల్లేదన్నది స్పష్టం.

ఈ మాట చెప్పగానే చాలామంది అడిగే ప్రశ్న మేనరికాల గురించి. ప్రశ్న సహజమే, కానీ జవాబు వేరే చోట ఉంది. మేనరికం దగ్గరి బంధువుల మధ్య పెళ్లి. దాని ప్రభావం ఒకటి రెండు తరాల్లో, ఆ కుటుంబంలో కనిపిస్తుంది. ఇక్కడ జరిగింది మూలపురుషుల ప్రభావం. చాలాకాలం కిందట కొద్దిమందితో మొదలైన ఒక సముదాయం, బయటివారితో పెళ్లిళ్లు లేకుండా లక్షలకు పెరిగింది. మొదటి కొద్దిమందిలో ఒకరు మోసిన మార్పు, సంతతితో పాటు పెరుగుతూ వచ్చింది. అటువంటి సముదాయంలో ఏ చుట్టరికమూ తెలియని, వేరే గోత్రాల, వేరే జిల్లాల వధూవరులు కూడా అదే మార్పును మోస్తూ ఉండవచ్చు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధనా సంస్థ సి.సి.ఎం.బి.కి చెందిన కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 2009లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన పరిశోధన, వైశ్యుల విషయంలో ఆ మూలఘట్టం నూరు తరాలకు పూర్వం నాటిదని లెక్కగట్టింది. అంత పాత గుర్తు చెరిగిపోకుండా ఉన్నదంటే అన్ని తరాల పాటు బయటినుంచి రాకపోకలు అతి స్వల్పమని అర్థం. అదే బృందాలు 2017లో దక్షిణాసియాలోని 260కి పైగా సముదాయాలను పరిశీలిస్తే, వాటిలో 81 సముదాయాల్లో బలమైన మూలపురుషుల ప్రభావం కనిపించింది. అంటే ఇది ఒక కులం కథ కాదు. ప్రతి సముదాయమూ తన తన రాతలోని అచ్చుతప్పులను మోస్తోంది, వైశ్యుల్లోని ఒక అచ్చుతప్పు మనకు ముందుగా చదవడం చేతనైంది, అంతే.

దీన్ని ‘లోపం’ అనవచ్చా అన్నది నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న. కోయంబత్తూరు బృందం ఎంజైము బొత్తిగా లేనివాళ్ల ఆరోగ్యాన్ని ప్రత్యేకంగా పరిశీలించి 2007లో నివేదిక ప్రచురించింది. వాళ్లు ఆరోగ్యంగానే ఉన్నారు, పిల్లాపాపలతో మామూలుగానే బతుకుతున్నారు. ఈ జన్యువును తీసేసిన ఎలుకలు 2008లో తయారయ్యాయి, అవీ చక్కగానే పెరిగాయి. అయితే వాటికి కొవ్వు మేత పెట్టినప్పుడు ఎక్కువగా లావెక్కాయి. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను, దాని కొసకు ఒక కొవ్వు ఆమ్లపు తునక తగిలి ఉంటేనే పనిచేస్తుంది. ఆ తునకను ఊడదీసేవాటిలో ఈ ఎంజైము ఒకటని 2004లో తేలింది. నకిలీ అని పేరు పెట్టిన దానికి అసలు పని ఇదే కావచ్చునని కొందరంటారు. నా వరకు ఒక్క మాట మాత్రం ధైర్యంగా చెప్పగలను. స్కోలిన్ పుట్టకముందు ఈ మార్పు ఎవరి కంటా పడలేదు. నూరు తరాల పాటు దాన్ని మోసినవాళ్లకు దాని వల్ల ఇబ్బంది కలిగిన దాఖలా లేదు. ఆ మందు వచ్చాక అదే జన్యువు ప్రాణాల మీదికి తేగలిగింది. దీన్ని జబ్బుల పట్టికలో రాయడం కంటె మందుల జాగ్రత్తల పట్టికలో రాయడమే సరైనదని నా అభిప్రాయం.

మన జిల్లాల్లో ఈ ఎంజైము పేరు మరొక సందర్భంలో ఎక్కువగా వినిపిస్తుంది. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు తాగినవాళ్లనో, పైరు మీద కొడుతూ పీల్చినవాళ్లనో ఆసుపత్రికి తెచ్చినప్పుడు సీరం కోలినెస్టరేజ్ పరీక్ష రాస్తారు. ఆ విషం అసిటైల్‌కోలినెస్టరేజ్‌ను మూసివేయడం వల్ల కంటిపాప సూదిమొనలా ముడుచుకుంటుంది, చొంగ, చెమట ధారకడతాయి, కండరాలు అదురుతాయి. బ్యుటైరిల్‌కోలినెస్టరేజ్ కూడా ఆ విషానికి తగులుకుంటుంది. ఒక ఎంజైము అణువు ఒక విషపు అణువును పట్టుకుని తానూ పనికిరాకుండా పోతుంది, ఆ మేరకు విషాన్ని నాడుల దాకా పోనివ్వదు. ఈ గుణం చూసే, రసాయన ఆయుధాల నుంచి సైనికులను కాపాడడానికి దాన్ని మానవ ప్లాస్మా నుంచి వేరుచేయడం, జన్యుమార్పిడి చేసిన మేకల పాలలో తయారుచేయడం వంటి ప్రయత్నాలు జరిగాయి. రక్తంలో ఉండే మోతాదు ఎంత స్వల్పమో ఇందాక చెప్పుకున్నాం కదా, పురుగుమందు సీసాకు అది ఏ మూలకూ చాలదు. మన వైద్యులు గుర్తుంచుకోవలసిన చిక్కు ఇంకొకటి ఉంది. పుట్టుకతో ఎంజైము లేని మనిషికి ఈ పరీక్ష చేస్తే, చుక్క విషం తాకకపోయినా ఫలితం అడుగంటే వస్తుంది. అందుకని కాగితం మీది అంకెను మనిషి లక్షణాలతో కలిపి చదవాలి. అనుమానం మిగిలితే ఎర్రకణాల మీది అసిటైల్‌కోలినెస్టరేజ్‌ను విడిగా కొలిపించాలి, ఎందుకంటే దాని జన్యువు వేరు, అది మౌనంగా ఉండదు. లక్షణాలు స్పష్టంగా ఉంటే మాత్రం ఏ ఫలితం కోసమూ విరుగుడు మందు అట్రోపిన్‌ను ఆపకూడదు.

తిరిగి ఆపరేషన్ బల్ల దగ్గరికి వద్దాం. ఊపిరి రాని మనిషికి చేయవలసిన వైద్యం నిజానికి సులభం. వెంటిలేటరు మీద ఉంచి, మందు దానంతట అది తగ్గేదాకా ఓపికగా ఉండటమే. ప్లాస్మా ఎక్కిస్తే ఎంజైము అందుతుంది, కానీ రక్తంతో వచ్చే ఇతర ప్రమాదాల దృష్ట్యా ఎదురుచూడటమే మేలు. మరిచిపోకూడనిది ఒక్కటి. స్కోలిన్ కండరాలను పడగొడుతుందే గాని స్పృహను కాదు. మత్తు తగ్గిపోతే ఆ మనిషికి అన్నీ వినిపిస్తుంటాయి, వేలు కూడా కదపలేడు. అందుకే ఊపిరి తిరిగి వచ్చేదాకా మత్తు కొనసాగించాలి, కండరం కోలుకున్నదీ లేనిదీ మణికట్టు దగ్గర నాడిని విద్యుత్తుతో తట్టి చూడాలి. మరొకసారి ఆపరేషన్ అవసరమైతే రోక్యురోనియం వంటి మందులున్నాయి, దాన్ని విరిచే సుగమ్మడెక్స్ కూడా ఉంది. ప్రత్యామ్నాయం లేదన్న రోజులు పోయాయి.

సభలో ఉన్న వైశ్య కుటుంబాలవారికీ, ఇంట్లో ఎవరికైనా ‘మత్తు నుంచి లేవడం ఆలస్యమైంది’ అన్న అనుభవం ఉన్న ఇతరులకూ నా సూచన చాలా చిన్నది. సీరం కోలినెస్టరేజ్ పరీక్ష జిల్లా కేంద్రాల్లోని ల్యాబుల్లోనూ జరుగుతుంది. ఆపరేషన్ అనుకున్నాక, మత్తు డాక్టరు చూడటానికి వచ్చినప్పుడు, ‘మా వాళ్లలో ఇది ఉందంటారు, ఒకసారి చూడండి’ అని మీరే అడగండి. ఫలితం బాగా తక్కువ వస్తే తోబుట్టువులకు కూడా చేయించండి, ఎందుకంటే తల్లిదండ్రులిద్దరూ చెరొక మౌన ప్రతి మోస్తున్నప్పుడు ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. ఆ తర్వాత ఒక కాగితం మీద ‘సక్సినైల్‌కోలిన్, మైవాక్యూరియం ఇవ్వరాదు’ అని డాక్టరు చేత పెద్ద అక్షరాలతో రాయించి, దాన్ని బీరువాలో దాచకుండా ఆధార్ కార్డు పెట్టుకునే పర్సులోనే పెట్టుకోండి. రోడ్డు మీద ప్రమాదం జరిగిన రోజున బీరువా తెరిచేవాళ్లు పక్కన ఉండరు.